ఏడుపు వినిపించాక ముప్పావు గంట

ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నవాళ్లకు ఇది తెలిసిన సంగతే. తల్లిని లోపలికి తీసుకెళ్లిన కాసేపటికే ఏడుపు వినిపిస్తుంది. నర్సు బిడ్డను గుడ్డలో చుట్టి తెచ్చి చూపిస్తుంది, బరువెంతో చెబుతుంది. అందరూ ఫోన్లు తీస్తారు. ఆ తర్వాత ఎంతసేపటికీ తల్లి మాత్రం బయటికి రాదు. పావుగంట, అరగంట, ముప్పావు గంట. "బిడ్డను తీసేశారుగా, ఇంకా లోపల ఏం చేస్తున్నట్టు?" అని అప్పుడే అమ్మమ్మ అయినావిడ అడుగుతుంది. ఎవరూ సరిగ్గా జవాబు చెప్పరు.

తొలి సిజేరియన్‌లో చర్మం మీద గాటు పెట్టిన దగ్గర్నుంచి బిడ్డ చేతికి రావడానికి మామూలుగా పది నిమిషాలు కూడా పట్టదు. మిగతా సమయమంతా మాయ తీయడానికి, గర్భసంచిని కుట్టడానికి, రక్తం నిజంగా ఆగిందో లేదో చూసుకోవడానికి, పొట్టను పొరల వారీగా మూయడానికి పోతుంది. రెండోదో మూడోదో అయితే లెక్క మారుతుంది. ఒక్కోసారి ఏడుపు వినిపించడానికే చాలాసేపు పడుతుంది. ఏడుపుకు ముందు ఎంతసేపు, తర్వాత ఎంతసేపు అన్నది గమనిస్తే లోపల సర్జన్‌కు ఎలాంటి చిక్కు ఎదురైందో కొంతవరకు ఊహించవచ్చు.

ఈ విషయం మనకు మరీ దగ్గరిది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద కాన్పుల్లో 21.5 శాతం సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులను విడిగా చూస్తే నూటికి ఎనభై దాటాయి. ఒక జనాభాలో సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతాయనడానికి ఆధారం కనిపించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అవసరమైన చోట ఇది ప్రాణం నిలబెట్టే ఆపరేషన్, అందులో సందేహం లేదు. కాకపోతే ఇంత మామూలైపోయిన ఆపరేషన్‌లో ఏమేం అడ్డం తిరగొచ్చో, అప్పుడు లోపల ఏం చేస్తారో చేయించుకునేవాళ్లకు చెప్పేవారు తక్కువ.

"వాంతి వచ్చేట్టుందా అమ్మా?"

మొదటి చిక్కు సర్జన్ కత్తి పట్టకముందే రావచ్చు. ఇప్పుడు ఎక్కువ సిజేరియన్లు నడుం దగ్గర వెన్నులో సూది వేసి, ఛాతీ కింది నుంచి మొద్దుబారేలా చేసి చేస్తారు. మందు సుమారు రెండు మిల్లీలీటర్లు, అంతే. అది వెన్ను నీటిలో కలిసి నొప్పిని మెదడుకు చేర్చే నరాలను ఆపేస్తుంది. అయితే ఆ దారిలోనే ఇంకో రకం నరాలు కూడా ఉన్నాయి. కాళ్లలో, పొట్టలో రక్తనాళాలను బిగువుగా ఉంచేవి అవే. అవీ మొద్దుబారడంతో నాళాలు వదులై రక్తం కిందే నిలిచిపోతుంది, బీపీ పడిపోతుంది. దీనికి తోడు వెల్లకిలా పడుకున్నప్పుడు నెలలు నిండిన గర్భసంచి, వెన్నెముకకు కాస్త కుడివైపుగా పైకి వెళ్లే పెద్ద సిరను నొక్కుతుంది. గుండెకు తిరిగి చేరే రక్తం ఇంకా తగ్గుతుంది, బిడ్డకు అందేదీ తగ్గుతుంది. కుడి తుంటి కింద చిన్న దిండు పెట్టి ఒంటిని ఎడమకు ఒరిగించేది ఇందుకే.

మత్తు డాక్టరు తల దగ్గర నిలబడి "వాంతి వచ్చేట్టుందా అమ్మా?" అని మాటిమాటికీ అడుగుతుంటారు. వికారం చాలాసార్లు బీపీ పడుతోందనడానికి మొదటి గుర్తు, మెషిన్ మరోసారి బీపీ కొలిచేలోపే తల్లికి తెలిసిపోతుంది. ఆవిడ అవునంటే నాళాలను బిగించే ఫినైల్‌ఎఫ్రిన్ లాంటి మందు సిరలోకి వెళ్తుంది. ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది.

ఈ సూదితో తాకడం, లాగడం, నొక్కడం తెలుస్తూనే ఉంటాయి. నొప్పి తెలియకూడదు. ఈ తేడా ముందే చెప్పకపోతే మత్తు పట్టలేదేమోనని తల్లి హడలిపోతుంది. నిజంగా నొప్పే అయితే ఓర్చుకోకుండా చెప్పాలి, అవసరమైతే పూర్తి మత్తు ఇస్తారు. ముందుగా ఏమీ తినొద్దనేది కూడా అలాంటి అవసరం కోసమే. పూర్తి మత్తులో కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం గర్భిణుల్లో మిగతావాళ్లకన్నా ఎక్కువ.

*బాక్స్: నడుం నొప్పి ఆ సూది వల్లేనా?*

"ఆ సూది వేసినప్పట్నుంచీ నడుం పట్టేసింది" అనే మాట ఇంటింటా వినేదే. గుచ్చిన చోట కొన్ని రోజులు సలపడం నిజం. ఏళ్ల తరబడి ఉండే నొప్పికి అదే కారణమని చూపే గట్టి ఆధారం లేదు. ఆ సూది వేయించుకోకుండా కన్నవాళ్లలోనూ నడుం నొప్పి మామూలే. సాగిన పొట్ట కండరాలు, వదులైన కీళ్లు, గంటల తరబడి వంగి పాలివ్వడం ఇందుకు చాలు. సూది వల్ల నిజంగా రాగలిగేది తలనొప్పి. గుచ్చిన రంధ్రంలోంచి వెన్ను నీరు కారితే కూర్చున్నప్పుడు తల పగిలిపోతుంది, పడుకుంటే తగ్గుతుంది. సూదులు సన్నబడ్డాక, వాటి మొన తీరు మారాక ఇది బాగా తగ్గింది. అప్పటికీ వచ్చి తగ్గకపోతే తల్లి రక్తాన్నే కొంచెం తీసి ఆ చోట ఎక్కిస్తారు. అది గడ్డకట్టి రంధ్రాన్ని మూసేస్తుంది.

తల కిందికి దిగిపోయాక

తొలిసారి పొట్ట కోసి గర్భసంచి దాకా వెళ్లడం పెద్ద కష్టం కాదు. చర్మం, కొవ్వు, దాని కింది గట్టి పొర కోస్తారు. కండరాలను కోయరు, మధ్యలో విడదీసి పక్కలకు జరుపుతారు. గర్భసంచి దగ్గరికి వచ్చాక చెయ్యి నెమ్మదిస్తుంది. మధ్యలో రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే బ్లేడుతో గీసి, మిగతాది వేళ్లతో సాగదీస్తారు. పలచటి గోడ వెనకే బిడ్డ బుగ్గ ఉండొచ్చు, అదొక జాగ్రత్త. వేళ్లతో సాగిన గాటుకు రక్తం తక్కువ పోతుంది, అది పక్కలకు చీలే అవకాశమూ తక్కువ. ఆ పక్కల్లోనే గర్భసంచికి రక్తం తెచ్చే పెద్ద ధమనులు ఉన్నాయి.

అసలు ఇబ్బంది గంటల తరబడి నొప్పులు పడ్డాక వచ్చే సిజేరియన్‌లో. ద్వారం పూర్తిగా తెరుచుకుంది, తల కటి ఎముకల మధ్య బాగా కిందికి దిగింది, అక్కడ ఆగిపోయింది. ఇప్పుడు పొట్ట కోసి చూస్తే తల సర్జన్ చేతికి అందదు. తలకూ ఎముకకూ మధ్య వేళ్లు దూరేంత సందు ఉండదు. పైకి లాగితే కింద గాలి చొరని ఖాళీ ఏర్పడి తలను పట్టేస్తుంది. నాట్లప్పుడు మడిలో మోకాలి దాకా దిగబడ్డ కాలు ఇలాగే చేస్తుంది. ఎంత విసురుగా లాగితే అంత బిగుస్తుంది, పక్కన కాస్త గాలి చొరనిస్తే చప్పున వదిలేస్తుంది. సర్జన్ కూడా ఇక్కడ తొందరపడి లాగకూడదు. చేతిని తల పక్కనుంచి మెల్లగా జార్చి, పట్టు సడలేదాకా ఆగాలి. మణికట్టును గాటు అంచుకు ఆనించి తలను ఎత్తబోతే ఆ అంచు చీలి, చీలిక ధమని దాకా పోతుంది. ఈలోగా బల్లను తల్లి తల వైపు కిందికి వంచుతారు. గర్భసంచి బిగుసుకుని ఉంటే కాసేపు వదులయ్యే మందు ఇస్తారు. కిందినుంచి ఇంకొకరు వేళ్లన్నీ పరిచి తలను పైకి నెడతారు. ఒక్క వేలితో ఒకేచోట నొక్కితే బిడ్డ పుర్రె ఎముకకు దెబ్బ తగలొచ్చు.

అప్పటికీ రాకపోతే వరస తిప్పేస్తారు. గర్భసంచి పైభాగంలో ఉన్న కాళ్లను దొరకబుచ్చుకుని వాటిని ముందు బయటికి తీస్తారు, తల చివర్న వస్తుంది. మన దేశంలోనే పుట్టిన మరో పద్ధతి ఉంది. బి.డి. పట్వర్ధన్ 1957లో ప్రచురించిన ఆ పద్ధతిలో ముందు ఒక భుజం, తర్వాత రెండోది, ఆపైన నడుము, పిరుదులు, కాళ్లు వస్తాయి. ఒళ్లంతా బయటికొచ్చాక తలను ఎత్తడానికి పట్టు దొరుకుతుంది, చేతిని బలవంతంగా కిందికి దూర్చే పని ఉండదు. పేరు పడ్డ పద్ధతులన్నీ పడమటి నుంచే వస్తాయనుకునే మనం పట్వర్ధన్‌ను ఇంకాస్త గట్టిగా తలుచుకోవాలి.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఇంతసేపు నొప్పులు వచ్చిన గర్భసంచి కింది భాగం సాగి, పలచబడి, పైకి జరిగి ఉంటుంది. మామూలుగా కోసే చోటే కోస్తే గాటు గర్భాశయ ముఖంలోనో, దాని కిందనో పడుతుంది. అనుభవమున్న సర్జన్ కాస్త పైన కోస్తారు.

రక్తాన్ని ఆపాల్సింది గర్భసంచే

ఇక ఏడుపు తర్వాతి నిరీక్షణ సంగతి. నెలలు నిండేసరికి గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం వెళ్తుంటుంది. ఒంట్లో మొత్తం ఉండేది ఐదారు లీటర్లు. మాయ ఊడిన చోట ఆ నాళాలన్నీ నోళ్లు తెరుచుకుని ఉంటాయి. వాటన్నిటినీ ఒక్కొక్కటిగా కుట్టి మూయడం ఎవరి తరమూ కాదు. మరి రక్తం ఎలా ఆగుతుంది? గర్భసంచి గోడలో కండరపు పోగులు అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా అల్లుకుని ఉంటాయి. నాళాలు వాటి సందుల్లోంచే రావాలి. కండరం ముడుచుకోగానే ప్రతి నాళమూ పోగుల మధ్య నొక్కుకుపోయి మూసుకుంటుంది. అందుకే బిడ్డ బయటికి రాగానే ఆక్సిటోసిన్ ఇస్తారు. దీన్ని విన్సెంట్ దు విగ్నో 1953లో ప్రయోగశాలలో తయారుచేశాడు, రెండేళ్లకు నోబెల్ వచ్చింది. మామూలు ఆక్సిటోసిన్‌ను ఫ్రిజ్‌లో ఉంచాలి, వేడికి దాని బలం తగ్గిపోతుంది. కరెంటు వచ్చీపోయీ ఉండే చోట ఇది తేలిగ్గా తీసేయాల్సిన మాట కాదు.

గర్భసంచి ముడుచుకోకపోతే? కవలలు, ఉమ్మనీరు ఎక్కువ ఉండటం వల్ల అతిగా సాగినా, గంటల తరబడి నొప్పులతో అలసిపోయినా అది మెత్తగా ఉండిపోతుంది. తల ఇరుక్కుపోయిన తల్లికే ఇదీ వస్తుంది. చిక్కులు జంటగా రావడం అంటే ఇదే. అప్పుడు వరసగా కొన్ని పనులు జరుగుతాయి. చేత్తో గర్భసంచిని మర్దిస్తారు, ఇంకో మందు వేస్తారు. బీపీ ఉన్నవాళ్లకు ఎర్గోమెట్రిన్ పనికిరాదు, ఉబ్బసం ఉన్నవాళ్లకు కార్బోప్రాస్ట్ పనికిరాదు. అడ్మిట్ చేసుకునేటప్పుడు "ఆయాసం ఉందా?" అని అడిగిన ప్రశ్నకు విలువ అప్పుడు తెలుస్తుంది.

కట్టిన గడ్డ కరిగిపోకుండా చూసే ట్రానెక్సామిక్ యాసిడ్ కూడా ఈ వేళ వాడతారు. జపాన్‌కు చెందిన ఉతాకో ఒకమోతో, ఆమె భర్త షోసుకే దీన్ని 1962లో లోకానికి తెలిపారు. కాన్పు రక్తస్రావం మీద ప్రయత్నించమని ఆమె అప్పుడే అడిగితే వైద్యులు ఆసక్తి చూపలేదు. 21 దేశాల్లో 20,060 మంది స్త్రీల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. మూడు గంటల్లోపు ఇస్తే రక్తస్రావంతో చనిపోయేవారు తగ్గారని తేలింది. ఉతాకో అంతకు ముందు ఏడాదే కన్నుమూసింది.

మందులతో ఆగకపోతే మళ్లీ సూదీ దారం. బ్రిటన్‌లో పనిచేసిన క్రిస్టఫర్ బి-లించ్ 1997లో ప్రచురించిన కుట్టు ఇప్పుడు అన్నిచోట్లా తెలుసు. పొడవాటి దారాన్ని గర్భసంచి ముందు నుంచి పైకి ఎక్కించి వెనక్కి, వెనక నుంచి మళ్లీ ముందుకు తెచ్చి కింద బిగించి ముడి వేస్తారు. కండరం చేయలేని నొక్కుడు దారం చేస్తుంది. ముడి వేసే ముందు ఒక పరీక్ష ఉంది. సర్జన్ రెండు చేతులతో గర్భసంచిని గట్టిగా నొక్కి పట్టుకుంటారు. కింద నిలబడ్డవాళ్లు రక్తం ఆగిందా లేదా చూసి చెబుతారు. చేతులకు ఆగితే కుట్టుకూ ఆగుతుంది. ఆగకపోతే పక్క ధమనులను కట్టడం, లోపల బెలూన్ నింపడం, ఏదీ పనిచేయకపోతే గర్భసంచినే తీసేయడం. ఢాకాలో సయేబా అఖ్తర్ కాథెటర్‌కు కండోమ్ కట్టి సెలైన్‌తో నింపి చేసిన బెలూన్, ఖరీదైన బెలూన్లు దొరకని ఎన్నో దేశాల్లో తల్లుల్ని కాపాడింది.

గర్భసంచి తీసేయడం చివరి మెట్టు. చరిత్రలో మాత్రం అదే మొదటి మెట్టు. పంతొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం యూరప్ సర్జన్లు గర్భసంచిని కుట్టకుండానే పొట్ట మూసేవారు, అదే ముడుచుకుని మానుతుందని నమ్మి. కండరం నాళాలను మూయగలదు గానీ కోతను అతికించలేదు. తల్లుల్లో ఎక్కువమంది రక్తం పోయో, చీము పట్టో చనిపోయేవారు. 1876లో ఇటలీలోని పావియాలో ఎదువార్దో పోర్రో బిడ్డను తీశాక గర్భసంచిని కూడా తీసేసి తల్లిని బతికించాడు. 1882లో జర్మనీలోని లైప్‌జిగ్‌కు చెందిన మాక్స్ జెంగర్, గర్భసంచిని ఉంచి జాగ్రత్తగా కుట్టడమే సరైన దారని వాదించాడు. ఆ కుట్లకు వెండి తీగ, పట్టుదారం వాడారు. సిజేరియన్‌ను తల్లి బతికే ఆపరేషన్‌గా మార్చినవాటిలో నేనైతే ఆ కుట్లకే మొదటి పీట వేస్తాను.

*బాక్స్: కంటికి కనిపించేది తక్కువే*

సిజేరియన్‌లో లీటరు దాటి రక్తం పోతే ఎక్కువ కింద లెక్క. చూసి అంచనా కడితే దాదాపు ఎప్పుడూ తక్కువే చెబుతారు. కొంత గుడ్డల్లో ఇంకుతుంది, కొంత ఉమ్మనీటిలో కలుస్తుంది, కొంత తల్లి కిందికి జారుతుంది. అందుకే తడిసిన గుడ్డలను తూకం వేసి, పొడి గుడ్డ బరువు తీసేస్తారు. మిగిలిన ఒక్కో గ్రాముకు సుమారు ఒక మిల్లీలీటరు. గర్భంలో రక్తం దాదాపు సగం పెరుగుతుంది కాబట్టి ఆరోగ్యవంతురాలి బీపీ చాలాసేపు నిలబడి, ఒక్కసారిగా కూలుతుంది. నాడి అంకె పై బీపీ అంకెను దాటుతోందంటే ఆలస్యం పనికిరాదు. మన రాష్ట్రాల్లో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే, వాళ్లకు ఈ వెసులుబాటు ఇంకా తక్కువ.

మచ్చ మీద మాయ

గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోసే పద్ధతిని 1920లలో గ్లాస్గోకు చెందిన మన్రో కెర్ ప్రచారంలోకి తెచ్చాడు. అక్కడ గోడ పలచన, రక్తం తక్కువ, మచ్చ బాగా మానుతుంది. చిక్కల్లా మూత్రకోశం దాన్ని ఆనుకునే ఉండటం. మానే క్రమంలో పొరలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. మూత్రకోశం పైకి లాగబడి మచ్చకు అంటుకుంటుంది. రెండో, మూడో సిజేరియన్‌లో ఏడుపు ఆలస్యంగా వినిపించేది ఇందుకే. సర్జన్ ఆ అతుకులను కొద్దికొద్దిగా విడదీసుకుంటూ వెళ్లాలి. తొందరపడితే మూత్రకోశానికి చిల్లు పడుతుంది. చిల్లు పడటం కన్నా దాన్ని గమనించకపోవడమే పెద్ద ప్రమాదం. అనుమానం వస్తే గొట్టం ద్వారా నీలం రంగు కలిపిన నీళ్లు నింపి ఎక్కడైనా కారుతోందా చూస్తారు. అక్కడికక్కడే కుట్టి, మూత్రం గొట్టాన్ని ఒకటి రెండు వారాలు ఉంచితే సాధారణంగా బాగా మానిపోతుంది.

అన్నిటికన్నా భయపెట్టేది మాయ అతుక్కుపోవడం. మామూలుగా మాయకూ కండరానికీ మధ్య ఒక మెత్తటి పొర ఉంటుంది. బిడ్డ వచ్చాక గర్భసంచి కుంచించుకుపోతుంది, మాయ కుంచించుకోలేదు, ఆ పొర దగ్గర ఊడి వస్తుంది. పాత కోత మచ్చ మీద ఆ పొర సరిగ్గా ఏర్పడదు. మాయ అక్కడ నాటుకుంటే నేరుగా కండరంలోకి, ఒక్కోసారి మూత్రకోశం దాకా పోతుంది. 30,000 మందికి పైగా తల్లులను పరిశీలించి 2006లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనం లెక్కలు చూడండి. మాయ ద్వారానికి అడ్డంగా ఉన్నవాళ్లలో, అది అతుక్కుపోయినవాళ్లు తొలి సిజేరియన్‌లో 3 శాతం, రెండోదాంట్లో 11, మూడోదాంట్లో 40, నాలుగోదాంట్లో 61.

అలాంటి మాయను చేత్తో పీకబోతే రక్తం ఆపడం కష్టం. అందుకే స్కాన్‌లో ముందే పసిగట్టి, నొప్పులు రాకముందే, ఎనిమిదో నెల దాటాక రోజు ఖాయం చేసి ఆపరేషన్ చేస్తారు. రక్తం సీసాలు సిద్ధంగా ఉంటాయి, మూత్రకోశం సర్జన్ కూడా ఉంటారు. మాయ లేని చోట, చాలాసార్లు పైభాగంలో, గర్భసంచిని కోసి బిడ్డను తీస్తారు. మాయను ముట్టుకోకుండా గర్భసంచితో సహా తీసేస్తారు. ముందు సిజేరియన్ అయినవాళ్లు మలి గర్భంలో "మాయ ఎక్కడుంది, మచ్చ మీదా?" అని స్కాన్ రోజున అడిగి తెలుసుకోవాలి.

బయటికొచ్చాక

సిజేరియన్ తర్వాత మొదటి రోజుల్లో కాళ్ల సిరల్లో గడ్డ కట్టే ముప్పు నార్మల్ కాన్పు కన్నా ఎక్కువ. నీళ్లు తక్కువ తాగించి, మంచం దిగనివ్వని మన పథ్యం ఆ ముప్పును పెంచుతుంది. చెవుల్లో దూది పెట్టుకున్నా ఫర్వాలేదు గానీ, నడిపించాలి, నీళ్లివ్వాలి. ముహూర్తం కోసం 39 వారాలు నిండకముందే కోయించుకోవడం ఇంకో బెడద. బిడ్డ ఊపిరితిత్తుల్లోని నీరు ఇంకడానికి నొప్పులు సాయపడతాయి, అవి రాకముందే ఎంత తొందరపడితే బిడ్డకు ఆయాసం వచ్చే అవకాశం అంత ఎక్కువ.

చివరగా డిశ్చార్జి కాగితం. పొట్ట మీద అడ్డంగా ఉన్న మచ్చను చూసి గర్భసంచి మీద గాటు ఎలా ఉందో చెప్పలేం. చర్మం మీద అడ్డంగా ఉండి, లోపల నిలువుగా పైదాకా కోసి ఉండొచ్చు. కింద అడ్డంగా కోసిన గర్భసంచి మలికాన్పు నొప్పుల్లో చీలేది సుమారు 200 మందిలో ఒకరికి. పైన నిలువుగా కోసినదైతే నూటికి నలుగురి నుంచి తొమ్మిది మంది దాకా, వాళ్లకు నార్మల్ ప్రయత్నించకూడదు. గాటు ఏ రకం, పక్కకు చీలిందా, మూత్రకోశం అతుక్కుని ఉందా, రక్తం ఎంత పోయింది, ఎన్ని సీసాలు ఎక్కించారు అన్నవి ఆ కాగితంలో లేకపోతే ఇంటికి బయల్దేరేముందే అడిగి రాయించుకోవాలి. తొలి కాన్పు పుట్టింటి ఊళ్లో, రెండోది అత్తవారి ఊళ్లో అవడం మనకు మామూలే. కాగితం లేకపోతే రెండో ఊరి సర్జన్‌కు ఈ సంగతులు పొట్ట తెరిచాకే తెలుస్తాయి.